దస్త్రం మూట నుండి వెబ్‌సైటు దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయవలసిందిగా మన కార్యదర్శి గారు కోరినప్పుడు, వారి మనసులో ఉన్నది బహుశా రాజన్న గుడి చరిత్రో, వేములవాడ చాళుక్యుల చరిత్రో అయి ఉంటుంది. ఆ రెండింటి గురించీ నాకంటే తెలిసిన పెద్దలు ఎందరో రాశారు. నేను ముప్పయి ఆరేళ్లు కచేరీలో కాగితాల మధ్య బతికినవాణ్ణి. 1972లో జూనియర్ అసిస్టెంటుగా చేరి 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయాను. అందుచేత నాకు తెలిసిన చరిత్ర ఒక్కటే: కాగితం ఎక్కడ ఉంటుంది, ఎవరి చేతిలో ఉంటుంది, అది పోతే ఏమవుతుంది.

మరొక కారణం కూడా ఉన్నది. పోయిన సర్వసభ్య సమావేశంలో ఇద్దరు ముగ్గురు సభ్యులు లేచి, "మన సంఘం వెబ్‌సైటులో ఇదివరకు సభ్యుల జాబితా మొత్తం ఉండేది కదా, ఇప్పుడు రెండు పేజీలే మిగిలాయేమిటి?" అని అడిగారు. ఆ రోజు భోజనాల వేళ కావడంతో నేను సమాధానం చెప్పలేదు. నిజం చెప్పాలంటే భోజనం ఒక సాకు. ఆ సమాధానం ఇక్కడ చెబుతాను. కాని మొదలు నుండి చెబితే గాని అర్థం కాదు.

మన ప్రాంతంలో అతి పాత దస్తావేజులు రాతి మీద ఉన్నాయి. గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట మీద పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనం సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో ఉన్నది. పదవ శతాబ్దం నాటి ఆ బండ ఎండకు, వానకు నిలిచి ఇప్పటికీ చదవడానికి వస్తున్నది. రాతికి ఉన్న గుణం అది. అయితే బండను మోసుకుపోలేము. అందుకని దానం పుచ్చుకున్నవారి చేతిలో పెట్టడానికి రాగి రేకులు వచ్చాయి. వేములవాడ చాళుక్య రాజు మూడవ అరికేసరి 966లో ఇక్కడి శుభధామ జినాలయానికి, సోమదేవసూరికి ఇచ్చిన దాన శాసనం రాగి రేకుల మీదనే ఉన్నది. ఆ రేకులు దొరికింది మాత్రం వేములవాడలో కాదు, మహారాష్ట్రలోని పర్భణిలో! అందుకే చరిత్రకారులు దాన్ని పర్భణి తామ్రశాసనం అంటారు. ఊళ్లో జినాలయం రూపుమాసినా, ఊరి పాత పేరు లేంబులపాటక అనే సంగతి, గుడి కట్టించినది బద్దెగుడనే సంగతి ఎక్కడో దూరాన ఉన్న ఆ రేకుల వల్ల మనకు మిగిలాయి. తామ్రశాసనాల రేకులకు కన్నం పొడిచి, కడియం తొడిగి, కడియం అతుకు మీద రాజముద్ర వేసేవారు. ముద్ర విరగ్గొట్టకుండా నడుమ ఒక రేకు తీయడానికి గాని, కొత్తది చేర్చడానికి గాని వీలుండేది కాదు. ఈ రెండు సంగతులూ, అంటే దూరాన ఉన్న ప్రతి, కడియం మీది ముద్ర, పాఠకులు కొంచెం గుర్తు పెట్టుకోవాలని మనవి. ముందు వాటితో పని పడుతుంది.

ఇక మన కాలానికి దగ్గరగా వద్దాం. సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ చేసి జిల్లాలు, తాలూకాలు ఏర్పరచిన తర్వాత నిజాం రాజ్యంలో కాగితం పని ఒక క్రమంలో పడింది. మన జిల్లాకు మొదట ఎలగందల జిల్లా అని పేరు, 1905లో కరీంనగర్ అయింది. ఊరి స్థాయిలో దస్త్రమంతా పట్వారీ ఇంట్లో ఉండేది. కచేరీ అంటూ వేరే లేదు, అతని ఇంటి అర్రే కచేరీ. సేత్వార్, పహాణీ, ఫైసల్ పట్టీ, ఎర్ర గుడ్డలో కట్టిన మూట. ఒకరి భూమి ఎవరి పేర ఉన్నదో, ఎవరు ఎంత శిస్తు బాకీయో తెలిసినవాడు ఆ మూట విప్పగలిగినవాడొక్కడే. జమాబందీ వేళ లెక్కలు తాలూకాకు పోయేవి, నిజమే. కాని నడుమ సంవత్సరమంతా రైతుకు పట్వారీ నోటి మాటే పహాణీ. దస్త్రం చూపమని అడిగే ధైర్యం ఎవరికి ఉండేది?

అందుకే తెలంగాణ సాయుధ పోరాటంలో ప్రజల కోపం మొదట ఆ మూటల మీదికే పోయింది. మన జిల్లాలో అనభేరి ప్రభాకర్‌రావు గారి దళం ఎన్నో గ్రామాల్లో పటేల్ పట్వారీల దస్తావేజులు, అప్పు పత్రాలు తగులబెట్టింది. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహ్మదాపూర్ గుట్టల్లో ఆయన, సింగిరెడ్డి భూపతిరెడ్డి గారు, మరి కొందరు సహచరులు నిజాం పోలీసుల కాల్పుల్లో అమరులయ్యారు. ఆ మంటల్లో వెట్టి కాగితాలు, నామ్‌కు రాయించుకున్న అప్పులు కాలిపోయినందుకు పేదలు సంతోషించారు, అది న్యాయమే. రికార్డు గుమాస్తాగా నాకు మాత్రం ఆ కథ విన్నప్పుడల్లా మరొక మాట తోచేది. ఊరి సమాచారమంతా ఒక్క మనిషి ఇంట్లో, ఒక్క ప్రతిగా ఉండడమే అసలు రోగం. ఆ మనిషి చెడ్డవాడైతే ప్రజలకు కష్టం, ఆ ఇల్లు కాలితే అందరికీ నష్టం. భూమి పట్టాల విషయంలో 1954–55 ఖాస్రా పహాణీ తయారై తాలూకాలో కూర్చున్న తర్వాత గాని రైతుకు కాలు మోపడానికి ఒక రాయి దొరకలేదు. ఈనాటికీ తగాదా వస్తే "ఖాస్రా పహాణీల ఎవ్వరి పేరున్నది?" అనే అడుగుతారు.

నేను ఉద్యోగంలో చేరిన తాలూకా కచేరీ పేరు చెప్పను. అక్కడి రికార్డు రూములో నాకు మొదటి పాఠం చెదలు నేర్పింది. చేరిన ఏడాది వానకాలంలో ఒక బస్తా దించితే పైన గుడ్డ భద్రంగా ఉన్నది, లోపల మిసిల్‌లు మట్టిగడ్డ. పైకి కనబడే కట్టు చూసి లోపల కాగితం ఉన్నదనుకోవద్దని మా హెడ్ క్లర్కు గారు అప్పుడు అన్నారు. ఆ తర్వాత ప్రతి మూడు నెలలకు బస్తాలు విప్పి, ఎండలో పెట్టి, లెక్క చూసి మళ్లీ కట్టడం నా పని అయింది. తోటివారు నవ్వేవారు. 2006లో మిడ్ మానేరు పని మొదలై అనుపురం, చింతల్‌ఠాణా వంటి ఊళ్లు ముంపులో పోతాయని తెలిసినప్పుడు, పాత పహాణీ నకళ్లకోసం జనం బారులు తీరారు. పరిహారం కాగితం మీద ఆధారపడి ఉన్నది. నవ్వినవారిలో ఒకరు తన అత్తగారి ఊరి నకలు కోసం నా బల్ల ముందే నిలబడ్డారు. ఇచ్చాననుకోండి.

రెండవ పాఠం సబ్ ట్రెజరీ నేర్పింది. మన పాఠకులలో ట్రెజరీ మిత్రులు చాలామంది ఉన్నారు, వారికి ఇది తెలిసిన సంగతే. స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు, రెండు చెవులు ఇద్దరు వేరువేరు ఉద్యోగుల దగ్గర. ఒక్కడు ఎంత పెద్దవాడైనా ఒక్కడే తెరవలేడు. మారు చెవులు సీలు వేసిన కవరులో మరొక చోట భద్రం. తెరిచిన ప్రతిసారి రిజిస్టరులో సంతకం. బదిలీ అయినవాడు చెవి అప్పగించి, పుచ్చుకున్నవాడు సంతకం చేసేదాకా రిలీవు కాడు. అప్పుడు ఇదంతా తెల్లవాళ్లు పెట్టిపోయిన తంతు అని విసుక్కునేవాణ్ణి.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది, మరుసటి ఏడు మండలాలు వచ్చాయి. దస్త్రాలు అప్పగించవలసిందిగా తాఖీదులు పోయాయి. కొందరు పట్వారీలు పద్ధతిగా జాబితా రాసి, బండి మీద తెచ్చి అప్పగించారు. కొందరు సగం తెచ్చారు. కొందరి ఇళ్లలో దస్త్రం "ఎలుకలు కొట్టినయి" అని సమాధానం. పుచ్చుకునే పట్టీ మీద సంతకం చేస్తూ, ఇందులో ఏమేమి లేవో ఎవరు చెప్పగలరు అని నేను అనుకునేవాణ్ణి. జాబితా పట్వారీ రాసినదే కదా.

కంప్యూటర్ మన జిల్లా కచేరీలకు వచ్చింది ఆ తర్వాతనే. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ 1976లోనే ఢిల్లీలో ఏర్పడినా, దాని ఉపగ్రహ జాలం జిల్లా కలెక్టరేట్లకు చేరింది ఎనభైల చివరలో. అద్దాల గది, ఏసీ, చెప్పులు బయట విడిచి లోపలికి పోవడం, మాకు అదొక గర్భగుడి. సామాన్యుడికి కంప్యూటర్ కనబడింది 1998 నవంబరులో, 214 రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో 'కార్డ్' పథకం మొదలైనప్పుడు. అంతవరకు దస్తావేజు నకలు చేతిరాతతో పుస్తకాల్లోకి ఎక్కేది, అసలు కాగితం వారాల తరబడి ఆఫీసులో ఉండేది. ఇప్పుడు స్కానింగ్ చేసి ఆ రోజే ఇచ్చేశారు. 2001లో ఈసేవ, 2011లో మీసేవ, 2020 అక్టోబరులో ధరణి, 2025లో దాని స్థానంలో భూభారతి. పట్వారీ మూట చివరకు తెర మీదికి వచ్చింది. దాని గుణదోషాల చర్చ ఇక్కడ పెట్టుకుంటే సంచిక చాలదు.

వెబ్‌సైటు అనే వస్తువు మాత్రం సర్కారుది కాదు, అందరిదీ. టిమ్ బెర్నర్స్ లీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు స్విట్జర్లాండులోని సెర్న్ అణు పరిశోధనాలయంలో పనిచేస్తూ 1989లో ఈ ఊహ చేశాడు. అతని ఆలోచన ఏదో గొప్ప వ్యాపారం కాదు. ఆ సంస్థలో వేలమంది వచ్చిపోతుంటారు, పోయినవారితో సమాచారం కూడా పోతున్నది, దాన్ని నిలపడం ఎట్లా అన్నదే! అంటే అతనిదీ రికార్డు గుమాస్తా బాధే. 1993లో సెర్న్ దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చారు. డాట్ ఇన్ పేర్లు 2005 నుండి ఎవరికైనా సులభంగా దొరకడం మొదలైంది.

ఇక మన సంఘం కథ. 2012లో ఒక సభ్యుని మనుమడు, ఇంజనీరింగ్ చదివే పిల్లవాడు, "తాతా, మీ సంఘానికి వెబ్‌సైట్ చేసిస్త, ఏడాదికి రెండు వేలు గూడ కావు" అన్నాడు. మాకు ఆనందం పట్టలేదు. అప్పుడు నేను సహాయ కార్యదర్శిని. సర్క్యులర్లు, కరువు భత్యం జీవోలు, చనిపోయిన సభ్యులకు శ్రద్ధాంజలి, అన్నీ పెట్టాము. ఆ పైన సభ్యుల జాబితా కూడా పెడితే బాగుంటుందని ప్రతిపాదించినది నేనే. పేరు, హోదా, రిటైరైన తేదీ, ఫోను నంబరు, బ్యాంకు శాఖ, పీపీఓ నంబరు. ట్రెజరీ పని పడ్డప్పుడు ఎవరైనా ఎక్కడినుండైనా చూసుకోవచ్చునని నా ఉద్దేశం. మూడు వందల పైచిలుకు పేర్లు నా చేతులతో టైపు చేశాను. మినిట్స్ బుక్కులో నా పేరున ప్రతిపాదన, ఏకగ్రీవ ఆమోదం, చప్పట్లు, ఇప్పటికీ ఉన్నాయి.

ముప్పయి ఆరేళ్లు నకలు దరఖాస్తు లేకుండా, సంతకం లేకుండా, రుసుము లేకుండా ఒక్క పహాణీ కాగితం బయటికి ఇవ్వని మనిషిని. అదే చేతులతో మూడు వందల మంది వివరాలు లోకం నడిబజారులో పరిచాను. తెర మీద ఉన్నది కాగితం కాదనుకున్నాను కాబోలు.

వెబ్‌సైటు నడవాలంటే ఏమి కావాలో ఆ రోజు మాకు తెలియదు. పిల్లలు చెప్పగా తర్వాత తెలుసుకున్నది మనవాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెబుతాను. మొదటిది పేరు. అది కొనుక్కున్నది కాదు, ఏడాదికో రెండేళ్లకో కట్టే కౌలు. గడువు దాటితే, కొద్దిరోజులు ఆగి, ఎవరికైనా ఇచ్చేస్తారు. రెండవది స్థలం. మన ఫైళ్లు ఎక్కడో ఒక పెద్ద కంప్యూటరులో కూర్చోవాలి, దానికి అద్దె. తక్కువ అద్దె స్థలం మన వేములవాడ సత్రం వంటిది. ఒకే వాకిలి, ఒకే బావి, వరుసగా గదులు. మన గదికి తాళం బాగానే వేసినా, పక్క గదివాడు వెనుక తలుపు తెరిచిపెడితే దొంగ వసారాలోకి రానే వస్తాడు. గదుల నడుమ గోడ గట్టిగా ఉన్నదో లేదో సత్రం యజమాని మీద ఆధారం. మూడవది, పేజీలు నడిపే సాఫ్ట్‌వేర్. దానిలో కన్నం బయటపడ్డప్పుడల్లా తయారుచేసినవారు మాటు పంపిస్తారు. ఆ మాటు వేసుకోకపోతే కన్నం ఎక్కడున్నదో లోకమంతటికీ తెలిసి, మనకు మాత్రం తెలియదు. కురిసే ఇంటి మీద కొత్త పెంకు వేయించనట్లే.

మేము ఈ మూడింటిలో ఏదీ చూడలేదు. పేరు పిల్లవాని పేరున ఉన్నది, పాస్‌వర్డు పిల్లవాని దగ్గరే ఉన్నది, గడువు గుర్తుచేసే ఉత్తరాలు పిల్లవాని కాలేజీ నాటి ఈమెయిల్‌కు పోయాయి. అతను అమెరికాలో ఎం.ఎస్. చదవడానికి పోయాడు. తప్పు అతనిది కాదు, అప్పగింత పట్టీ రాయించుకోని మాది. పట్వారీ ఇంట్లో మూట అంటే ఇదే కదా! 2017లో ఒకరోజు ఒక సభ్యుడు ఫోను చేసి, "ఏమండీ, మన సంఘం పేరు కొడితే పేకాట ఆట వస్తున్నదేమిటి?" అని అడిగారు. గడువు తీరిన మన పేరును ఎవరో కొనుక్కుని రమ్మీ ప్రకటనలు పెట్టారు. రాజన్న సన్నిధిలో డెబ్బయి ఏళ్ల పెద్దమనుషుల సంఘం పేరున రమ్మీ! చందా పుస్తకాల మీద, లెటర్‌హెడ్ మీద ఆ పేరు అచ్చు వేయించి ఉన్నది. అన్నింటి మీదా చేతితో కొట్టివేసుకున్నాము.

పోయిన వాటిలో మరొకటి మన పాత సంచికలు. అవి అను ఫాంట్లలో టైపు చేసినవి. అదే ఫాంటు ఉన్న కంప్యూటరులో తెలుగు, లేనిచోట పిచ్చి గీతలు. యూనికోడ్‌లో చేయించి ఉంటే ఈరోజు ఏ ఫోనులోనైనా చదువుకునేవారము. అచ్చు ప్రతులు మన బీరువాలో ఉండబట్టి బతికాయి.

సంఘం చిన్నది కాబట్టి ఇట్లా జరిగిందని కొందరంటారు. పెద్దవారికీ తప్పలేదు. 2019 ఏప్రిల్ నెలాఖరున తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద దాడి జరిగింది. వరంగల్ కేంద్రంగా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు కరెంటు ఇచ్చే ఉత్తర మండలి సంస్థ కూడా అందులో ఉన్నది. దొంగలు ఏమీ ఎత్తుకుపోలేదు, లోపల ఉన్న ఫైళ్లకే తమ తాళం వేసి, చెవి కావాలంటే డబ్బు ఇమ్మన్నారు. దీన్ని రాన్సమ్‌వేర్ అంటారు. మన సిరిసిల్ల, వేములవాడ ప్రాంతానికి 1970 నుండి కరెంటు ఇచ్చేది మన సహకార సంఘం 'సెస్' కాబట్టి ఇక్కడ మనకు తెలియలేదు, కాని హనుమకొండలో ఉన్న మా అమ్మాయి బిల్లు కట్టబోతే వెబ్‌సైటు తెరుచుకోలేదు. ఆ సంస్థలను కాపాడింది వేరే చోట దాచిన మారు ప్రతి. దాని నుండి మళ్లీ నిలబెట్టుకున్నారు. పర్భణి రేకుల సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

మారు ప్రతి ఉంటే సరిపోదు, అది వేరే చోట ఉండాలి. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే పెద్ద హోస్టింగ్ సంస్థ భవనం కాలిపోయింది. లక్షల వెబ్‌సైట్లు ఆగిపోయాయి. మారు ప్రతి కూడా అక్కడే దాచుకున్న చిన్న వ్యాపారులు, సంఘాలవారు రెండూ పోగొట్టుకున్నారు. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే, 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రం అంటుకున్నది. బ్యాటరీల నుండి పుట్టిన మంట. ఆ దేశపు ప్రభుత్వోద్యోగులు తమ ఫైళ్లు దాచుకునే 'జీ డ్రైవ్' అనే గోదాములో 858 టెరాబైట్ల సమాచారం ఉండేది. అంత పెద్ద దానికి మారు ప్రతి తీయడం కుదరదని బయట ఎక్కడా దాచలేదు. మొత్తం బూడిద. మనవంటి గుమాస్తాలే, ఏళ్ల తరబడి చేసిన పని! పేపరులో ఆ వార్త చదివి ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఇక నేను సమావేశంలో చెప్పని సమాధానం.

2022 నవంబరులో, లైఫ్ సర్టిఫికెట్ల రోజుల్లో, దివంగతుడైన మన సభ్యుని భార్య, ఫ్యామిలీ పెన్షన్ పుచ్చుకునే పెద్దావిడ మా ఇంటికి వచ్చారు. నేను వదినమ్మా అని పిలిచే మనిషి. మూడు రోజుల కింద ఒక ఫోను వచ్చిందట. ట్రెజరీ నుండి మాట్లాడుతున్నామని చెప్పి, ఆవిడ భర్త పేరు, హోదా, రిటైరైన తేదీ, పీపీఓ నంబరు, బ్యాంకు శాఖ అన్నీ వాళ్లే చెప్పారట. "మీ సర్టిఫికెట్ ఎక్కలేదు, పెన్షన్ ఆగిపోతుంది, ఫోనుకు వచ్చే నంబరు చెప్పండి" అన్నారట. అన్ని సంగతులు తెలిసినవాడు సర్కారు మనిషే అనుకుని ఓటీపీ చెప్పారు. రెండు లక్షల నలభై వేలు పోయాయి. మనుమరాలి పెళ్లికి దాచినవి. కొడుకు కోప్పడతాడని మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నేను వెంటనే 1930కి ఫోను చేయించాను. పోలీసువారు మర్యాదగానే రాసుకున్నారు. కాని డబ్బు అప్పటికే చేతులు మారింది, కొద్ది మొత్తం మాత్రమే ఆగింది. పోయిన గంటలో చెప్పి ఉంటే చాలావరకు ఆపేవాళ్లమన్నారు.

అంతా అయినాక ఆవిడ చల్లగా ఒక్క మాట అడిగారు. "అన్నీ సరే గని సారూ, ఆయన పీపీఓ నంబరు వానికెట్ల ఎర్కైంది? నాకే యాదికుండదు గా నంబరు."

నాకు ఎట్లా తెలుసునో నాకు తెలుసు. ఆ రాత్రి మా మనుమనితో వెతికించాను. మన పాత వెబ్‌సైటు 2017లోనే పోయింది, జాబితా కూడా దానితోనే పోయిందని నా ధీమా. కాని 1996 నుండి లోకంలోని వెబ్‌సైట్లకు నకళ్లు తీసి దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే గ్రంథాలయం ఒకటి ఉన్నది. చరిత్ర రాసేవారికి అది వరం. అందులో నా జాబితా, నా టైపు తప్పులతో సహా, చెక్కుచెదరకుండా ఉన్నది. ఆవిడ భర్త పేరు నూట నలభై ఏడవ వరుసలో. మోసగాళ్లు దాన్ని చూసే ఫోను చేశారని నేను రుజువు చేయలేను. వేరే దారుల్లో కూడా ఇటువంటి వివరాలు బజారుకు పోతుంటాయని పోలీసువారు చెప్పారు. కాదని కూడా నేను అనలేను. బండ మీద చెక్కినది చెరపడం కష్టమని కురిక్యాల పోయి చూసివచ్చినవాణ్ణే, తెర మీద రాసినది తుడిస్తే పోతుందనుకున్నాను. ఆర్కైవ్ వారికి ఉత్తరం రాయించి ఆ పేజీ కనబడకుండా తీయించాము. ఎవరెవరు అప్పటికే దింపుకున్నారో ఎవరికి తెలుసు?

ఆవిడకు మరుసటి వారం పోయి సంగతి చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "చాయ్ తాగుతరా?" అన్నారు. సంక్షేమ నిధి నుండి సంఘం కొంత ఇచ్చింది, నేను కొంత కలిపాను. సరిపోలేదు.

ఆ తర్వాతి కార్యవర్గంలో నేను పట్టుబట్టి చేయించినవి ఇవి. కొత్త పేరు సంఘం పేరుననే కొన్నాము, సంఘం ఈమెయిల్‌కే ఉత్తరాలు వస్తాయి, అయిదేళ్ల రుసుము ఒకేసారి కట్టాము. వెబ్‌సైటులో సర్క్యులర్లు, సమావేశ తేదీలు, ఆఫీసు ఫోను నంబరు తప్ప మనుషుల వివరాలు ఏవీ లేవు. లేనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు. సభ్యుల రిజిస్టరు బీరువాలో ఉన్నది, చూడాలంటే కచేరీకి వచ్చి సంతకం చేసి చూడాలి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు కేంద్రం చట్టం చేసిందని, ఇతరుల వివరాలు పుచ్చుకున్నవారికి వాటిని కాపాడే బాధ్యత ఉంటుందని న్యాయవాది మిత్రులు చెప్పారు. చట్టం రాకముందే ఆ బుద్ధి ఉండవలసింది.

వెబ్‌సైటు తెరవడానికి పాస్‌వర్డుతో పాటు అధ్యక్షుల వారి ఫోనుకు వచ్చే నంబరు కూడా కావాలి. ట్రెజరీ రెండు తాళాలే, అంతకంటే ఏమీ లేదు. పాస్‌వర్డు రాసిన సీలు కవర్లు రెండు, ఒకటి కోశాధికారి గారింట్లో, ఒకటి కరీంనగర్‌లో ఉన్న ఉపాధ్యక్షుల ఇంట్లో. పదవి మారితే అప్పగింత పట్టీ మీద ఇద్దరి సంతకాలు. మూడు నెలలకొకసారి మారు ప్రతి తీసి, దాన్ని వేరే కంప్యూటరులో తెరిచి చూస్తారు. తెరిచి చూడని మారు ప్రతి చెదలు తిన్న బస్తాతో సమానమని నేను చెబితే కుర్రవాడు నవ్వి ఒప్పుకున్నాడు. చిరునామా మొదట్లో తాళం బొమ్మ కూడా ఉన్నది. మనకూ ఆ వెబ్‌సైటుకూ నడుమ పోయే మాటలు దారిలో ఎవరూ విప్పి చదవకుండా, మార్చకుండా అది కాపాడుతుంది. కడియం మీది రాజముద్ర అన్నమాట. 2015 చివర నుండి ఆ ముద్ర ఉచితంగా ఇచ్చే సంస్థ కూడా ఉన్నది, డబ్బు లేదనే సాకు కూడా లేదు. అయితే ముద్ర ఉన్నంతమాత్రాన లోపలి మనిషి మంచివాడని కాదు. దొంగ వెబ్‌సైటుకు కూడా తాళం బొమ్మ ఉంటుంది. తిరుమల తిరుపతి దేవస్థానం పేరుతోనే నకిలీ వెబ్‌సైట్లు పదుల సంఖ్యలో పట్టుబడి కేసులయ్యాయి. గదులు, దర్శనం టికెట్లు కొనేటప్పుడు, పెన్షన్ పని చూసుకునేటప్పుడు చిరునామా చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉన్నదా అని మనుమలతో చూపించుకోండి. ఆ తోక ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. మన వంటి సంఘాలకు ఇవ్వరు, కాబట్టి మన సంఘం పేరుతో ఎవరైనా ఫోను చేసి నంబరు అడిగితే నమ్మకండి. మన ఆఫీసు నుండి ఎవరూ ఓటీపీ అడగరు. అడిగినది నేనే అయినా చెప్పకండి.

జాబితా మళ్లీ పెట్టమని అడిగిన మిత్రులకు నా సమాధానం ఇది. కోపం ఉంటే నా మీద ఉంచుకోండి, రిజిస్టరు చూడడానికి మాత్రం ఆదివారం తప్ప ఏ రోజైనా ఉదయం పదిన్నర నుండి ఒంటి గంట దాకా కచేరీకి రండి. ఆ వేళ నేనే ఉంటాను. పోయిన నెల వదినమ్మ కూడా వచ్చారు, కొత్త ఫోను నంబరు రాయించుకోవడానికి. నంబరు తానే రాస్తానని కలం పుచ్చుకుని, అద్దాలు సరిచేసుకుని, ఒక్కొక్క అంకె నిదానంగా రాశారు. రాసినాక రిజిస్టరు మూసి, బీరువాలో పెట్టి, తాళం వేసేదాకా అక్కడే నిలబడి చూసి వెళ్లారు.